పీఠము దిగిన పిమ్మట: జాన్ క్విన్సీ ఆడమ్సు

రాజ్యాధికారమును అనుభవించి దానిని కోల్పోయినవారి కథలు చరిత్రలో కొల్లలు. వారిలో కొందరు తమ్ము ఓడించినవారిని నిందించుచు శేషజీవితమును గడపిరి. మరికొందరు స్వగ్రామము చేరి, తోటలు పెంచుకొనుచు, పూర్వవైభవమును తలచుకొనుచు కాలము వెళ్ళబుచ్చిరి. దేశమున అత్యున్నతమైన పదవిని అధిష్ఠించి, ప్రజలచేత ఓడింపబడి, అటుపిమ్మట అదే దేశపు శాసనసభలో సామాన్య సభ్యుడుగా కూర్చుండుటకు సమ్మతించినవారు మాత్రము మిక్కిలి అరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల ఆరవ అధ్యక్షుడగు జాన్ క్విన్సీ ఆడమ్సు అట్టివాడు. ఆ దేశపు అధ్యక్షులలో పదవి దిగిన పిమ్మట ప్రతినిధి సభలో సభ్యుడుగా పనిచేసినవాడు ఆయన యొక్కడే.

ఆడమ్సు 1825 మొదలు 1829 వరకు అధ్యక్షుడుగా నుండెను. ఆ నాలుగేండ్లలో ఆయన తలపెట్టిన పెద్ద పనులలో పెక్కులు నెరవేరలేదు. 1831 మొదలు 1848 వరకు ప్రతినిధిగా నుండెను. ఈ పదునేడేండ్లలో ఆయన చేత సైన్యము లేదు, ఖజానా లేదు, ఉద్యోగములిచ్చు అధికారము లేదు. ఉన్నవి ఒక్క వోటు, ఒక్క గొంతు. ఆ గొంతుతో ఆయన కాపాడినది ప్రజాస్వామ్యమునకు ప్రాణప్రదమైన హక్కు: వోటు లేనివాడు సైతము ప్రభుత్వమునకు తన మొర వినిపించుకొను హక్కు. అధ్యక్షుడైన ఆడమ్సు కంటె ప్రతినిధియైన ఆడమ్సు గొప్పవాడని పలువురు చరిత్రకారులు ఏల తలంతురో తెలియవలెనన్నచో ఆయన జీవితమును మొదటినుండి చూడవలెను.

విప్లవము నీడలో బాల్యము

జాన్ క్విన్సీ ఆడమ్సు 1767 జూలై 11వ తేదీన మసాచుసెట్సులోని బ్రెయింట్రీ గ్రామమున జన్మించెను. ఆయన పుట్టిన భాగమే తరువాత క్విన్సీ పట్టణమయ్యెను. అప్పటికి అమెరికా ఇంకను బ్రిటిషువారి వలసరాజ్యమే. తండ్రి జాన్ ఆడమ్సు న్యాయవాది. స్వాతంత్ర్యోద్యమ నాయకులలో ఒకడు. అనంతరకాలమున రెండవ అధ్యక్షుడు. తల్లి అబిగెయిలు పాఠశాలకు పోయి చదువుకొనకపోయినను, గ్రంథపఠనమువలన గొప్ప వివేకమును సంపాదించిన యిల్లాలు. ఆమె భర్తకు వ్రాసిన లేఖలు అమెరికా చరిత్రకు నేటికిని ముఖ్యాధారములు.

1775 జూన్ 17వ తేదీన బోస్టను చెంత బంకరు హిల్లు యుద్ధము జరిగెను. అబిగెయిలు కుమారుని చేయిపట్టుకొని ఇంటికి సమీపమున నున్న గుట్టనెక్కి, ఫిరంగుల మ్రోత వినుచు, చార్లెస్‌టౌను పట్టణము తగులబడుచుండగా చూచెను. బాలునకు అప్పటికింకను ఎనిమిదేండ్లు నిండలేదు. ఆ పొగయు, ఆ మంటలును ఆయన మనస్సునుండి ఎన్నడును చెరిగిపోలేదు. స్వాతంత్ర్యమనునది పుస్తకములలోని మాట కాదనియు, దానికొరకు మనుష్యులు ప్రాణములిత్తురనియు ఆయన ఆ వయస్సుననే నేర్చుకొనెను.

1778లో తండ్రి రాయబారిగా ఫ్రాన్సునకు పోవుచు పదేండ్ల కుమారుని వెంటబెట్టుకొనిపోయెను. చలికాలమున, శత్రునౌకలు తిరుగాడు సముద్రముపై చేసిన ప్రయాణమది. పారిస్‌లోను, హాలండులోను ఆ బాలుడు విద్యనభ్యసించెను. 1781లో, పదునాలుగవ యేట, ఫ్రాన్సిస్ డేనా అను రాయబారికి కార్యదర్శిగా, ఫ్రెంచి దుబాసిగా రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గునకు పోయెను. రష్యా ఆస్థానమున అప్పుడు ఫ్రెంచి భాషయే చెల్లుబడి. డేనాకు ఆ భాష సరిగా రాదు. పెద్దవాని మాట చిన్నవాని నోట పలుకవలసివచ్చెను.

1779లో, పండ్రెండేండ్ల వయస్సున, ఆయన దినచర్య వ్రాయ నారంభించెను. మరణించిన సంవత్సరము వరకు, అనగా దాదాపు అరువది యెనిమిదేండ్లు, ఆ అలవాటు సాగెను. ఆ దినచర్య ఏబదియొక్క సంపుటములు, పదునాలుగువేలకు పైబడిన పుటలు. తన తప్పులను, కోపమును, గర్వమును, నిరాశను ఆయన అందులో దాచుకొనలేదు. ఇతరులను ఎంత కఠినముగా తూచెనో తన్ను తాను అంతకంటె కఠినముగా తూచుకొనెను.

పక్షము కంటె దేశము

యూరపునుండి తిరిగివచ్చి 1787లో హార్వర్డు కళాశాలలో పట్టము పుచ్చుకొని, ఆడమ్సు న్యాయశాస్త్రము చదివెను. 1794లో, ఇరువదియారేండ్ల యువకుడై యుండగా, అధ్యక్షుడు జార్జి వాషింగ్టను ఆయనను హాలండునకు రాయబారిగా నియమించెను. అటుపిమ్మట ఆయన ప్రష్యా దేశమున రాయబారిగా నుండెను. 1797లో లండను నగరమున లూయిసా కాథరిన్ జాన్సనును వివాహమాడెను.

1803లో ఆయన సెనేటుకు ఎన్నికయ్యెను. ఫెడరలిస్టు పక్షము ఆయన తండ్రి పక్షము. న్యూ ఇంగ్లండు ప్రాంతపు వర్తకుల పక్షము. 1807లో అధ్యక్షుడు జెఫర్సను విదేశవర్తకమును నిలిపివేయుచు శాసనము తెచ్చినప్పుడు, ఆ ప్రాంతపు ఓడవర్తకులందరు మండిపడిరి. బ్రిటిషు నౌకాదళము అమెరికా నావికులను బలాత్కారముగా పట్టుకొనిపోవుచుండగా దేశమంతయు ఒక్కమాటపై నిలువవలెనని తలంచి ఆడమ్సు జెఫర్సనును సమర్థించెను. ఫలితముగా 1808లో, ఆయన పదవీకాలము ముగియకమునుపే, మసాచుసెట్సు శాసనసభ ఆయన స్థానమున మరియొకని ఎన్నుకొనెను. ఆడమ్సు వెంటనే రాజీనామా ఇచ్చెను. పక్షమునకు నచ్చని వోటువేసి పదవి పోగొట్టుకొనుట ఆయనకు అదియే మొదటిసారి.

ఆ రోజులలోనే ఆయన హార్వర్డులో వక్తృత్వశాస్త్రమునకు ఆచార్యుడుగా నుండి 1806 మొదలు 1809 వరకు విద్యార్థులకు పాఠములు చెప్పెను. ఆ ఉపన్యాసములు 1810లో గ్రంథరూపమున వెలువడెను. యువకులకు తర్కమును, వాదించు పద్ధతిని నేర్పిన ఆ ఉపాధ్యాయుడు ముప్పదియేండ్ల తరువాత తానే ఆ విద్యను శత్రువులమధ్య ప్రయోగింపవలసివచ్చునని ఊహించియుండడు.

1809లో ఆయన రష్యాకు రాయబారిగా పోయెను. బ్రిటనుతో జరిగిన యుద్ధమును ముగించిన 1814 డిసెంబరు 24వ తేదీనాటి ఘెంటు సంధిపై చేవ్రాలుచేసిన అమెరికా ప్రతినిధులలో ఆయన ముఖ్యుడు. 1817లో అధ్యక్షుడు మన్రో ఆయనను విదేశాంగ మంత్రిగా నియమించెను. 1819లో స్పెయినుతో సంధిచేసి ఫ్లారిడాను అమెరికాలో చేర్చినవాడు ఆయనయే. అమెరికా ఖండములను యూరపు రాజ్యములు ఇకపై వలసలుగా మార్చుకొనరాదని చాటిన 1823నాటి మన్రో సిద్ధాంతమునకు రూపమిచ్చినవారిలోను ఆయన ప్రముఖుడు. ఇన్ని పనులనడుమ 1821లో తూనికలు కొలతలపై ఒక బృహన్నివేదిక వ్రాసెను. ధాన్యము కొలుచు కుంచము ఊరికొక తీరున నున్నచో పేదవాడే నష్టపోవునని గుర్తించిన మంత్రులు ఆ కాలమున పెక్కుమంది లేరు.

అచ్చిరాని అధ్యక్షపదవి

1824లో జరిగిన అధ్యక్షుని ఎన్నికలో నలుగురు పోటీపడిరి. నియోజకుల వోట్లలో ఆండ్రూ జాక్సనునకు 99, ఆడమ్సునకు 84, క్రాఫర్డునకు 41, హెన్రీ క్లేకు 37 వచ్చెను. ఎవరికిని సగమునకు మించిన బలము లేనందున, రాజ్యాంగము ప్రకారము ప్రతినిధి సభ నిర్ణయింపవలసివచ్చెను. అచట రాష్ట్రమునకొక వోటు. 1825 ఫిబ్రవరి 9వ తేదీన ఇరువదినాలుగు రాష్ట్రములలో పదుమూడు ఆడమ్సును ఎన్నుకొనెను. ఆయనకు సాయపడిన క్లే కొలది దినములకే విదేశాంగ మంత్రి అయ్యెను. అది చీకటిబేరమని జాక్సను వర్గమువారు దేశమంతట చాటిరి. బేరము జరిగినదని రుజువు కాలేదు. అయినను ఆ అపవాదు ఆడమ్సును నాలుగేండ్లును నీడవలె వెంటాడెను.

1825 డిసెంబరులో కాంగ్రెసునకు పంపిన తొలి సందేశములో ఆయన త్రోవలు, కాలువలు, జాతీయ విశ్వవిద్యాలయము, ఖగోళ వేధశాల నిర్మింపవలెనని కోరెను. యూరపులో నూటముప్పదికి పైగా వేధశాలలుండగా అమెరికాలో ఒక్కటియు లేదని విచారించెను. వేధశాలలను ఆకాశపు దీపస్తంభములని వర్ణించినందుకు ప్రతిపక్షమువారు నవ్విరి, పత్రికలు హేళనచేసెను. అడవులు కొట్టుకొని పొలములు చేసికొనుచున్న జనులకు నక్షత్రముల గోల ఏలయని అడిగినవారున్నారు. కాంగ్రెసు విశ్వవిద్యాలయమును ఇవ్వలేదు, వేధశాలను ఇవ్వలేదు.

ఆడమ్సు జనరంజకుడు కాడు. ముభావి, ముక్కుసూటిగా మాటలాడువాడు, సభలలో నవ్వుచు చేతులు కలుపుటయన్న ఆయనకు తలనొప్పి. తనకు వ్యతిరేకముగా పనిచేయు ఉద్యోగులను సైతము, పనిలో తప్పు లేనిచో తొలగింపనని పట్టుబట్టెను. 1828 జూలై 4వ తేదీన ఒక కాలువ శంకుస్థాపనకు పోయి పార చేతబట్టి భూమిలో దింపగా అది వేరునకు తగిలి నిలిచిపోయెను. మరల మరల ప్రయత్నించినను దిగలేదు. అంతట దేశాధ్యక్షుడు కోటు విప్పి ప్రక్కనబెట్టి, బలముకొలది త్రవ్వగా మన్ను పెకలెను. జనులు హర్షధ్వానములు చేసిరి. తన ఉపన్యాసమంతటికంటె కోటు విప్పుటయే జనులకు ఎక్కువ నచ్చినదని ఆయన గమనించెను. పాఠము తెలిసినను అప్పటికి కాలము మించిపోయెను. ఆ సంవత్సరపు ఎన్నికలో జాక్సనునకు 178, ఆడమ్సునకు 83 వోట్లు వచ్చెను.

ఓటమి వెనువెంట మరియొక పిడుగు పడెను. 1829లో పెద్దకుమారుడు జార్జి వాషింగ్టన్ ఆడమ్సు ఓడపైనుండి సముద్రమునబడి మరణించెను. అరువదియేండ్లు దాటిన తండ్రి, పదవియు కుమారుడును పోయి, క్విన్సీలోని పాత యింటికి చేరెను. లోకము దృష్టిలో ఆయన కథ అంతటితో ముగిసెను.

మహజరుల యుద్ధము

1830లో ప్లిమత్తు నియోజకవర్గమువారు ఆయనను ప్రతినిధి సభకు నిలువవలసినదిగా కోరిరి. మాజీ అధ్యక్షునకు అది చిన్నతనము కాదాయని సందేహించినవారికి, ప్రజలు కోరినచో ఊరిపెద్దగా పనిచేయుటయు తనకు అవమానము కాదని ఆయన ఉత్తరమిచ్చెను. భార్యకు, కుమారునకు అది ఇష్టము లేదు. అయినను ఆయన పోటీచేసి గెలిచెను. అధ్యక్షపదవికి ఎన్నికైనప్పటికంటె ఈ గెలుపు తనకు ఎక్కువ సంతోషము కలిగించినదని దినచర్యలో వ్రాసికొనెను.

1831 డిసెంబరులో సభలో కూర్చుండగనే ఆయన చేసిన మొదటి పనులలో ఒకటి, పెన్సిల్వేనియానుండి వచ్చిన పదునైదు విజ్ఞాపనపత్రములను సమర్పించుట. రాజధాని వాషింగ్టను నగరమున్న కొలంబియా జిల్లా నేరుగా కాంగ్రెసు పాలనలో నున్నది కావున, అచట బానిసల క్రయవిక్రయములను, బానిసత్వమును రద్దుచేయవలెనని ఆ పత్రములలో కోరియుండిరి. మన పల్లెలలో పదిమంది చేవ్రాళ్ళుపెట్టి పంపుకొను మహజరుల వంటివే అవి. ప్రభుత్వమునకు మొరపెట్టుకొను హక్కును అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ 1791లోనే ప్రజలకు ఇచ్చియుండెను. ఆ పత్రములలో కోరినదంతయు తనకు సమ్మతము కాదని ఆడమ్సు ఆనాడే స్పష్టముగా చెప్పెను. అయినను వానిని సభ ముందుంచుట తన విధి యని తలంచెను. కోరికతో ఏకీభవింపకపోయినను, కోరు హక్కును కాపాడవలెనన్నది ఆయన నిలిచిన చోటు.

క్రమముగా బానిసత్వ నిర్మూలన సంఘములు బలపడెను. వేలకొలది మహజరులు కాంగ్రెసునకు రాసాగెను. దక్షిణరాష్ట్రముల సభ్యులకు ఇది కంటగింపయ్యెను. 1836 మే 26వ తేదీన ప్రతినిధి సభ 117 వోట్లకు 68 వోట్లతో ఒక తీర్మానమును ఆమోదించెను. బానిసత్వమునకు ఏవిధముగ సంబంధించిన విజ్ఞాపనయైనను అచ్చువేయరాదు, సంఘమునకు పంపరాదు, బల్లమీద పడవేసి ఊరకుండవలెను. ఇది దాని సారాంశము. జనులు దీనికి ‘గాగ్’ నిబంధన యని పేరుపెట్టిరి. అనగా నోట గుడ్డ క్రుక్కు నిబంధన. వోటు చెప్పుటకు తన పేరు పిలువగా, ఆడమ్సు లేచి, ఇది రాజ్యాంగమునకును, సభానియమములకును, తన్నెన్నుకొన్న ప్రజల హక్కులకును విరుద్ధమని కేకవేసి చెప్పెను.

నోరు మూయుటకు చేసిన యత్నము నోళ్ళను పెంచెను. బానిసత్వమును గూర్చి పట్టింపులేనివారును తమ మొరపెట్టుకొను హక్కునకు ముప్పు వచ్చెనని మేల్కొనిరి. ఆడమ్సు పేరిట మూటలకొలది మహజరులు రాసాగెను. విజ్ఞాపనల దినమున ఆయన లేచి, ఒక్కొక్క పత్రమును చేతబట్టి, స్పీకరు ఆపులోపల దాని సారాంశమును చదివివేయుచుండెను. ఆపినచో సభానియమములపై ప్రశ్న లేవదీయుచుండెను. ఆ నియమములు ఆయనకు కంఠపాఠము. ప్రత్యర్థులు కేకలు వేయుచుందురు; బట్టతల ముదుసలి చలింపక తన పని తాను చేసికొనిపోవుచుండును.

1837 ఫిబ్రవరి 6వ తేదీన ఆయన లేచి, బానిసలే పంపినట్లున్న ఒక విజ్ఞాపన తన చేతనున్నదనియు, అది నిబంధనకు లోబడునా యనియు స్పీకరును అడిగెను. సభలో పెనుదుమారము లేచెను. బానిసలు శాసనసభకు అర్జీ పెట్టుటయా! ఆడమ్సును అభిశంసింపవలెనని కొందరు, సభనుండి వెళ్ళగొట్టవలెనని కొందరు అరచిరి. కొంతసేపు వారిని అరవనిచ్చి, ఆ విజ్ఞాపనలో కోరినది బానిసత్వ నిర్మూలనము కాదనియు, అందుకు విరుద్ధమనియు ఆయన నెమ్మదిగా బయటపెట్టెను. ప్రత్యర్థులు తమ ఉచ్చులో తామే చిక్కుకొనిరి. కాని ఆయన ఉద్దేశ్యము కేవలము పరిహాసము కాదు. మొరపెట్టుకొనుట ప్రార్థన వంటిది. దానిని నీచాతినీచునకును నిరాకరింపరాదని ఆయన వాదించెను. బానిసలకు ఆ హక్కు లేదని సభ తీర్మానించెను. ఆ తీర్మానమును సభచేత బాహాటముగా పలికించుటయే ఆయన సాధించిన విజయము. ఉత్తరరాష్ట్రముల జనులు దానిని పత్రికలలో చదివిరి.

మహజరులపై చేవ్రాళ్ళు చేసినవారిలో స్త్రీలు విశేషముగా నుండిరి. స్త్రీలకు ఇంటిపని యుండగా రాజకీయములతో నిమిత్తమేమని ఒక సభ్యుడు ఆక్షేపించెను. 1838 వేసవిలో ఆడమ్సు దినదినము సభ తొలిగంటలో లేచి దీనికి బదులు చెప్పెను. బైబిలులోని ఎస్తేరు, దెబోరాల కథలనుండి స్వదేశపు విప్లవములో పాల్గొన్న వనితల వరకు ఎందరినో ఉదాహరించి, దేశక్షేమమును గూర్చి చింతించుట స్త్రీలకు తగనిది కాదని స్థాపించెను. వోటు లేనివారికి మొర తప్ప వేరు ఆయుధము లేదు. అదియు లాగుకొన్నచో వారికి మిగులునదేమి యన్నది ఆ వాదములోని జీవము.

అమిస్టాడు నౌకలోని మనుష్యులు

ఈ పోరాటము నడుమనే మరియొక భారము ఆయన భుజములపై పడెను. 1839లో ఆఫ్రికాలోని మెండీ ప్రాంతమునుండి అపహరింపబడి క్యూబాలో అమ్మబడిన ఏబదిమూడుమంది ఆఫ్రికనులను ‘అమిస్టాడు’ అను నౌకలో తీసికొనిపోవుచుండగా, సింకే యను యువకుని నాయకత్వమున వారు తిరుగబడి నౌకను వశపరచుకొనిరి. తమ్ము స్వదేశమునకు చేర్చుమని నౌకలోని స్పెయినుదేశస్థులను ఆజ్ఞాపించిరి. వారు పగలు తూర్పునకును, రాత్రివేళ రహస్యముగా ఉత్తరమునకును నడపిరి. తుదకు నౌక అమెరికా తీరము చేరి పట్టుబడెను. ఆఫ్రికనులు కనెక్టికటులో చెరసాల పాలైరి. వారిని స్పెయినువారికి అప్పగింపవలెనని అధ్యక్షుడు వాన్ బ్యూరెను ప్రభుత్వము పట్టుబట్టెను.

వ్యాజ్యము సుప్రీంకోర్టునకు వచ్చెను. వారి పక్షమున రోజరు బాల్డ్విను అను న్యాయవాది వాదించుచుండెను. ఆయనకు తోడుగా నిలువుమని బానిసత్వ విరోధులు ఆడమ్సును వేడుకొనిరి. ఆయనకు డెబ్బదిమూడేండ్లు, ఆ న్యాయస్థానమున వాదించి ముప్పదియేండ్లు దాటెను. చేతులు వణకుచున్నవనియు, కండ్లు సరిగా కనబడుటలేదనియు మొదట వెనుదీసి, పిదప ఒప్పుకొనెను. 1841 ఫిబ్రవరి 24వ తేదీన నాలుగున్నర గంటలు వాదించెను. ఆ రాత్రి న్యాయమూర్తులలో ఒకడు మరణించుటచే విచారణ వాయిదాపడి, మార్చి 1వ తేదీన వాదము ముగిసెను. స్తంభమునకు వ్రేలాడుచున్న స్వాతంత్ర్యప్రకటనను చూపి, ఈ మనుష్యుల వ్యాజ్యమునకు తానెరిగిన శాసనము అదియేయని ఆయన న్యాయమూర్తులకు విన్నవించెను. మార్చి 9వ తేదీన తీర్పు వచ్చెను: వారు బానిసలు కారు, అపహరింపబడిన స్వతంత్రులు. చెరలో కొందరు మరణింపగా, బ్రతికియున్న ముప్పదియైదుమంది ఆ సంవత్సరాంతమున ఓడనెక్కి 1842 జనవరిలో స్వదేశము చేరిరి. పోవునప్పుడు వారు ఆయనకు ఒక బైబిలు కానుకగా పంపిరి.

గెలుపు

1840లో ‘గాగ్’ నిబంధన మరింత కఠినమై, విజ్ఞాపనలను స్వీకరింపనేరాదను శాశ్వత నియమమయ్యెను. కాని ఈసారి అది 114కు 108 వోట్లతో మాత్రమే గట్టెక్కెను. గాలి మారుచుండెను.

1842 జనవరిలో ఆడమ్సు మసాచుసెట్సులోని హేవరిల్లు పట్టణస్థుల విజ్ఞాపన నొకదానిని సమర్పించెను. సంయుక్తరాష్ట్రముల కూటమిని శాంతియుతముగ రద్దుచేయవలెనని అందు కోరిరి. ఆ కోరిక ఏల తగదో కారణములు చెప్పి వారికి ఉత్తరమిచ్చుటకై దానిని ఒక సంఘమునకు పంపవలెనని ఆయన ప్రతిపాదించెను. ప్రత్యర్థులకు ఇదియే తగిన సమయమని తోచెను. దేశద్రోహమునకు పూనుకొనినాడని ఆయనపై అభిశంసన తీర్మానము తెచ్చిరి. డెబ్బదినాలుగేండ్ల మాజీ అధ్యక్షుడు తన సభలోనే ముద్దాయిగా నిలిచెను. ఆయన మొట్టమొదట కోరినది స్వాతంత్ర్యప్రకటనలోని తొలిభాగమును చదివి వినిపింపుమని. పిదప దాదాపు రెండువారములు తన్ను తాను సమర్థించుకొనెను. నేరము మోపినవారే కాలక్రమమున విసిగిరి. తనకింకను వారము దినములు కావలసియుండునని ఆయన సూచింపగా, ఫిబ్రవరి 7వ తేదీన సభ 106కు 93 వోట్లతో ఆ విషయమును విడిచివేసెను. ఆ దినముననే ఆయన మరికొన్ని విజ్ఞాపనలు సభముందుంచెను.

ప్రతి సమావేశమునను ఆ నిబంధనను రద్దుచేయవలెనని ఆయన తీర్మానము ప్రవేశపెట్టుచునే యుండెను. 1844 డిసెంబరు 3వ తేదీన అది 108కు 80 వోట్లతో నెగ్గెను. ఎనిమిదిన్నర యేండ్ల పోరాటము ముగిసెను. ఆ రాత్రి దినచర్యలో ఆయన దైవమునకు కృతజ్ఞత చెప్పుకొనెను.

నవ్వులపాలైన పూర్వపు కలలును ఆయనను విడువలేదు. జేమ్సు స్మిత్సను అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, అమెరికాను ఎన్నడును చూడనివాడు, జ్ఞానవ్యాప్తికై ఒక సంస్థను నెలకొల్పుటకు ఐదులక్షల డాలర్లకు పైబడిన ఆస్తిని ఆ దేశమునకు వ్రాసిపెట్టెను. ఆ సొమ్ము రాష్ట్రప్రభుత్వపు పత్రములలో మదుపుపెట్టబడి మునిగిపోవు స్థితి రాగా, కాంగ్రెసు దానిని భర్తీచేయవలెననియు, ఇతరావసరములకు మరలింపరాదనియు ఆడమ్సు ఏండ్లతరబడి పోరాడెను. 1846లో స్మిత్సోనియను సంస్థ ఏర్పడెను. 1843లో, డెబ్బదియారవ యేట, చలిలో రైలుపైనను, సరస్సులలోని ఓడలపైనను, కాలువపడవలపైనను ప్రయాణముచేసి, సిన్సినాటిలో వేధశాలకు పునాదిరాయి వేసెను. ‘ఆకాశపు దీపస్తంభము’ అన్న మాటకు పదునెనిమిదేండ్లకు ముందు నవ్విన దేశమే ఇప్పుడు దారిపొడవున ఆయనను చూడ గుమిగూడెను.

లోపములును, వారసత్వమును

ఆడమ్సును దేవతగా చిత్రించుట ఆయనకే నచ్చదు. విదేశాంగ మంత్రిగాను, అధ్యక్షుడుగాను ఉన్నప్పుడు ఆయన బానిసత్వమును గూర్చి బహిరంగముగా నోరు మెదపలేదు. 1820లోనే దానిని దినచర్యలో తీవ్రముగా ఖండించియు, లోపలనే దాచుకొనెను. బ్రిటిషువారు యుద్ధకాలమున తీసికొనిపోయిన బానిసలకై వారి యజమానులకు పరిహారమిప్పించుటకు మంత్రిగా పాటుపడినవాడును ఆయనయే. క్రీక్ తెగవారి భూములను మోసముతో కాజేసిన 1825నాటి ఒడంబడికను రద్దుచేయించినను, జార్జియా రాష్ట్రపు దౌర్జన్యమునుండి వారిని కాపాడలేకపోయెను. బానిసత్వమును తక్షణమే రద్దుచేయవలెనన్న ఉద్యమములో ఆయన ఎన్నడును చేరలేదు. 1842 జూలై 4వ తేదీ తరువాత పుట్టినవారెవరును బానిసలు కారాదని 1839లో రాజ్యాంగసవరణ ప్రతిపాదించెను. సభ దానిని పట్టించుకొనలేదు. చెప్పవలసినది ఆలస్యముగ చెప్పెను. చెప్పనారంభించిన పిమ్మట మాత్రము ఎవరెంత బెదరించినను ఆపలేదు.

1846లో మెక్సికోపై యుద్ధమునకు వ్యతిరేకముగా ప్రతినిధి సభలో వోటువేసిన పదునలుగురిలో ఆయన ఒకడు. 1848 ఫిబ్రవరి 21వ తేదీన, ఆ యుద్ధములోని సేనానులకు ధన్యవాదములర్పించు విషయము సభ ముందుకు వచ్చినప్పుడు, ఎనుబదేండ్ల ఆడమ్సు గట్టిగా ‘కాదు’ అని పలికెను. కొలదిసేపటికి మాటలాడుటకు లేవబోయి తన బల్లయొద్దనే ఒరిగిపోయెను. ఆయనను స్పీకరు గదిలోనికి మోసికొనిపోయిరి. రెండు దినముల తరువాత, 23వ తేదీన, ఆ గదిలోనే ప్రాణము విడిచెను.

ఆ సభలో అప్పుడు ఇల్లినాయినుండి క్రొత్తగా వచ్చిన సభ్యుడొకడుండెను. ఆడమ్సు అంత్యక్రియల ఏర్పాట్ల సంఘములో ఆయన పేరును చేర్చిరి. ఆయనయే అబ్రహాం లింకను. యుద్ధము సంభవించినచో బానిసలను విముక్తులను చేయు అధికారము యుద్ధాధికారములోనే ఇమిడియున్నదని ఆడమ్సు 1836లోను, 1842లోను సభలో వాదించియుండెను. అంతర్యుద్ధము వచ్చినప్పుడు ఆ వాదమునే బానిసత్వ విరోధులు లింకనునకు గుర్తుచేసిరి. కొలంబియా జిల్లాలో బానిసత్వము 1862లో రద్దయ్యెను; తొలినాటి ఆ పదునైదు మహజరులలో కోరినది అదియే. 1863 జనవరి 1వ తేదీన లింకను విముక్తిప్రకటన అమలులోనికి వచ్చెను. 1865లో రాజ్యాంగపు పదుమూడవ సవరణ దేశమంతట బానిసత్వమును రూపుమాపెను.

ఆనాటి ప్రతినిధి సభామందిరము నేడు విగ్రహశాలగా నున్నది. ఆడమ్సు బల్ల యుండిన చోట నేలపై చిన్న లోహపుఫలక మొకటి అమర్చియున్నారు. చుట్టును నిలిచిన నిలువెత్తు విగ్రహములను చూచుచు నడచువారు తలవంచి చూచినగాని అది కనబడదు. ఆ చోటనుండియే ఒక వృద్ధుడు, తాను ఎన్నడును చూడని స్త్రీపురుషులు చేవ్రాళ్ళుచేసి పంపిన కాగితములను ఒక్కొక్కటిగా ఎత్తిపట్టి, దేశము వినువరకు చదివెను.